కాలం కాని ఏడు మక్క చేను: దైవం వంతు, మనిషి వంతు

దైవం పెద్దదా, పురుషకారం పెద్దదా అని మహాభారతం అనుశాసన పర్వంలో ధర్మరాజు అడుగుతాడు. భీష్ముడు బ్రహ్మ, వసిష్ఠుల సంవాదం వినిపిస్తాడు: దైవం విత్తనం, మనిషి పూనిక పొలం, రెండూ కలిస్తేనే పంట. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో శ్రీరాంసాగర్ కాల్వ నీళ్లు అందని చల్కల్లో మక్క వేసే రైతుకు ఇది ఏటా తేల్చుకోవాల్సిన ప్రశ్న.

కాలం కానప్పుడు తెలంగాణ పల్లెల్లో కప్పతల్లి ఆడతారు. రోకలికి వేపమండలతో పాటు కప్పను కట్టి పిల్లలు ఇంటింటికీ తిరుగుతుంటే, ఇల్లాళ్లు బిందెలతో నీళ్లు పోస్తారు. దీన్ని చేతకానితనం అనుకోవడం పొరపాటు. మొక్కిన చేతులే తెల్లారి చేన్లో గుంటక పడతాయి. వాన కురవడం దైవం వంతు, కురిసిన చినుకును నేలలో నిలుపుకోవడం మనిషి వంతు.

ఈ రెండో వంతు పైకి కనిపించేంత చిన్నది కాదు. విత్తిన 50 నుంచి 65 రోజుల మధ్య, మక్క పూతకొచ్చి పీచు వేసే వేళ బెట్ట తగిలితే పీచు ఆలస్యమై పుప్పొడి అందదు, కంకిలో గింజలు తప్పిపోతాయి. బావిలో ఒక్క తడికే నీళ్లుంటే ఆ తడి అప్పటికి దాచాలి. సాళ్ల మధ్య వరిగడ్డి పరిస్తే మట్టికి ఎండ నేరుగా తగలదు, పదును నిలుస్తుంది, కలుపు అణుగుతుంది. వరి కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడమంటే తన వంతును తానే తగలబెట్టుకోవడం. గడ్డిని మట్టిలో కలిపితే మాత్రం దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని కొన్నాళ్లు లాగేసుకుంటాయి. నిలిచిన పైరుకు పైన పరచడమే మేలు.

ఎరువు దగ్గర పూనిక ఓపికగా మారుతుంది. 45 కిలోల యూరియా బస్తాలో సుమారు 21 కిలోల నత్రజని ఉంటుంది. పదును లేని నేలలో అది వేళ్లకు అందదు. చిరుజల్లుకు కరిగి పైపైనే ఉంటే కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. విత్తేటప్పుడు, మోకాలెత్తు పైరులో, పూతకు ముందు అని మూడు దఫాలుగా వేయమనేది ఇందుకే. వాన రాకుంటే ఆ దఫా ఆపడమూ పనే. అకర్మలో కర్మను చూడమని గీత నాలుగో అధ్యాయం చెప్పేది ఇక్కడ బాగా అతుకుతుంది. ఇన్ని చేసినా చినుకే రాలక చేను ఎండితే ఆ తప్పు రైతు నెత్తిన పెట్టడం అన్యాయం. భారతం పొలానికి విత్తనం బాధ్యతను అంటగట్టలేదు.

పూనికకు హద్దూ ఉంది. ఇక్కడి గట్టి రాతి నేలలో నీళ్లు పగుళ్లలోనే దొరుకుతాయి. ఒకరి బోరు లోతుకు దిగితే పక్కవారి బావి ఎండుతుంది. దైవం అందరికీ ఇచ్చినదాన్ని ఒక్కరే తోడుకోవడం పురుషకారం కిందికి రాదు. 2002 నాటి వాల్టా చట్టం కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి చేసి, ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపు తవ్వకాన్ని కట్టడి చేసింది.