స్టెప్పులు లేని జవాబు

తెనాలి,
ఆదివారం.

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో ఇంటర్వ్యూ పోయిందని చెప్పావు. అయ్యో అనుకున్నాను. ఆ వెంటనే "నేను దేనికీ పనికిరాను తాతయ్యా" అన్నావు. ఆ మాటకి మాత్రం నాలోని లెక్కల మాస్టారు లేచి కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో స్టెప్పులు లేని జవాబుకి నేను మార్కులు వెయ్యలేదు. నీ జవాబుకి స్టెప్పులేవే?

నిన్ను దెప్పడం లేదు. ఈ తప్పు నేనూ చేశాను. మీ అమ్మమ్మ పోయాక వాకింగ్ మానేశాను, పేపరు మడత కూడా విప్పేవాణ్ణి కాదు. ఓరోజు వీధి గుమ్మంలో నుంచున్నాను. నా దగ్గర చదువుకున్న కుర్రాడు బండి మీద పోతూ తలైనా ఊపలేదు. "ఇంక నేనెవరికీ అక్కర్లేదు" అనుకున్నాను. ఆ రాత్రి అన్నం సయించలేదు. చివరికి మీ అమ్మే పోరి పోరి గుంటూరులో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లింది.

ఆవిడ చేసేది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. సీబీటీ అంటారు. నా చిన్నప్పటి సంగతులన్నీ తవ్వుతుందేమో అనుకున్నాను. ఆవిడ తెల్లకాగితం మీద గళ్లు గీసి నా ముందుకు జరిపింది. ఏం జరిగింది? ఆ క్షణాన మనసులో ఏం మెదిలింది? బాధ నూటికి ఎంత? ఆ ఆలోచనకు ఆధారాలేమిటి? కాదనడానికేమున్నాయి? అన్నీ చూశాక ఇప్పుడేమంటారు?

బాధకు ఎనభై వేసుకున్నాను. ఆధారాల గడిలో "పలకరించలేదు" అన్న ఒక్క ముక్కే పడింది. పక్క గడి నింపుతుంటే గుర్తొచ్చింది, వాడికి ఎదురుగా ఇసుక లారీ వస్తోంది. అంతకుముందు సంక్రాంతికి పళ్లు పట్టుకుని ఇంటికొచ్చినవాడూ వాడే! మళ్లీ వేసుకుంటే నలభై వచ్చింది. ఆ మిగిలిన నలభై మీ అమ్మమ్మది. అది ఉండాల్సిందే.

ఈ పద్ధతికి బాట వేసినవాళ్లలో ముఖ్యుడు ఆరన్ బెక్, అమెరికాలో ఫిలడెల్ఫియా డాక్టరు. 1921లో పుట్టి, నూరేళ్లు నిండాక 2021లో పోయాడు. మొదట్లో ఆయనదీ ఫ్రాయిడ్ దారే. 1960ల్లో, దిగులుతో వచ్చినవాళ్ల మాటలు వింటూ ఒక సంగతి పట్టుకున్నాడు. జరిగినదానికీ బాధకీ నడుమ ఒక ఆలోచన మెరిసి మాయమవుతుంది. మనం పిలవకుండానే వస్తుంది, అంత త్వరగా వస్తుంది కనకే నిలేసి అడగకుండా నమ్మేస్తాం.

ఆవిడ కాగితంతో వదిలిపెట్టలేదు. "వెళ్లాలనిపించకపోయినా రోజూ టీకొట్టు దాకా నడిచి రండి" అంది. మనసు కుదుటపడ్డాక వెళ్దామని అన్నాళ్లూ కూర్చున్నాను. తీరా వెళ్లడం మొదలెట్టాకే కుదుటపడింది. వారానికోసారి చొప్పున పద్నాలుగు సార్లు వెళ్లాను. ప్రతిసారీ నాకు హోంవర్కు!

"మంచే జరుగుతుందనుకో" అనే ఊరడింపు కాదమ్మా ఇది. గళ్లు నింపాక "ఆ ఒక్క సబ్జెక్టులో నిజంగానే వెనకబడ్డాను" అని తేలవచ్చు. తేలనీ. చదివితే తీరిపోతుంది. "దేనికీ పనికిరాను" అన్నదాన్ని మాత్రం ఏం చదివి తీర్చుకుంటావు? నీ స్నేహితురాలికి ఇంటర్వ్యూ పోతే ఆమెని ఆ మాట అనగలవా? ఎదుటివాళ్లకిచ్చే న్యాయం నీకూ ఇచ్చుకోవడం ధర్మమే.

ఒక్కదానివే రాసుకోవడం కష్టమైతే సైకాలజిస్టు దగ్గరికి వెళ్లు. డాక్టరు మందులు అవసరమంటే వేసుకో, సిగ్గుపడకు. బతకాలనిపించని ఘడియ వస్తే మాత్రం గళ్లూ గిళ్లూ పక్కన పెట్టి అర్ధరాత్రయినా నాకు ఫోన్ చెయ్యి. నాకు చెప్పలేకపోతే టెలీ మానస్ 14416కి చెయ్యి. ఎప్పుడు చేసినా ఉచితమే, తెలుగులో మాట్లాడతారు.

ఈ ఉత్తరానికి జవాబు రాయకు. స్టెప్పులు రాసి పంపు. ఎర్ర పెన్ను తియ్యనులే.

మీ తాతయ్య