ఏ భయం ఉంచుకోవాలి?

చెవిటికల్లు

చి॥ అమ్మడికి, పెదనాన్న దీవించి వ్రాయునది.

నీ ఉత్తరం అందింది. ఉద్యోగం మానేసి ఊళ్లో కారం మర పెడతాననీ, పొట్లాలు కట్టి నందిగామ, జగ్గయ్యపేట దుకాణాలకు వేస్తాననీ రాశావు. ఆలోచన మంచిదే. మన చేలో కాసిన మిరపకాయ బస్తాకెక్కి గుంటూరు యార్డుకు పోతుంది. ఎక్కడో పొడై, ఎవరిదో పేరు తగిలించుకుని మళ్లీ మన కిరాణా కొట్టుకే వస్తుంది. ఆ నడుమ మిగిలే డబ్బులో కాస్తయినా ఊళ్లో ఆగాలనుకోవడం న్యాయమే.

కానీ ఉత్తరంలో మాటకు ముందొకసారి, వెనకొకసారి ‘భయంగా ఉంది పెదనాన్నా’ అన్నావు. భయం పోయాక మొదలుపెడదామని కూర్చుంటే ఆ రోజు రాదమ్మా. నందిగామలో ఎరువుల కొట్టు నడిపినన్నాళ్లూ సీజన్ మొదట్లో నాకూ నిద్ర పట్టేది కాదు. నీ ఉత్తరం మళ్లీ చదివితే నాకు మూడు భయాలు కనపడ్డాయి. మొదటిది వదిలెయ్యి. రెండోదాన్ని లెక్క కట్టు. మూడోదాన్ని మాత్రం ఎప్పటికీ పోనివ్వకు.

మొదటిది నలుగురి నోటి భయం. ‘హైదరాబాదులో చల్లటి గదిలో కూర్చునే పిల్ల వచ్చి కారం దంచుకుంటోందట’ అంటారని నీ బెంగ. అంటారు. అన్నవాళ్లే ఆవకాయ రోజుల్లో నీ దగ్గర పొడి తీసుకెళ్తారు. మన కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఊరు కాని ఊరు, పేరు తెలియని మందు. ఆయన సంగీత కచేరీలకు వచ్చినవాళ్లకు దాన్ని ఉచితంగా పంచిపెట్టారు. చదువుకున్నవాణ్ని, పదిమందిలో తలనొప్పి మందు పంచడమేమిటని అనుకోలేదు. ఆ మందు మీద వచ్చిన డబ్బే 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికకు, 1914లో మద్రాసులో దినపత్రికకు ఆధారమైంది. దేశోద్ధారకుడని లోకం పిలిచింది తర్వాతి మాట.

కాబట్టి మొదటి పొట్లాలు నువ్వే సంచిలో వేసుకుని కొట్టు కొట్టూ తిరుగు. వద్దన్నవాణ్ని ఎందుకు వద్దో అడుగు. ధరా, ఘాటా, రంగా, పొట్లమా? వాడు చెప్పింది రాసుకో. ఇంకో మాట. అరువడగడానికి మొహమాటపడేవాళ్లు తక్కువ, బాకీ అడగడానికి మొహమాటపడేవాళ్లు ఎక్కువ. ఎరువుల కొట్టులో నేను చూసింది ఇదే. పత్తి అమ్మాక ఇస్తామన్న బాకీని వరసకు బావగారని అడగలేక, అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకుని కొట్లు మూసేసినవాళ్లున్నారు. దుకాణాలకు ఎన్నాళ్ల గడువిస్తావో మొదటి రోజే చెప్పు, గడువు నాటికి వెళ్లి నిలబడు. చట్టం కూడా నీ వైపే ఉంది. చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు చేయించుకో, దానికి రుసుము లేదు. చిన్న పరిశ్రమ దగ్గర సరుకు కొన్నవాళ్లు ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలని 2006 నాటి చట్టం చెబుతోంది.

రెండోది నష్టభయం. ఇది మనసులో ఉన్నంతసేపూ పెరుగుతుంది, కాగితం మీదికి వస్తే ఒక అంకె దగ్గర ఆగుతుంది. మిరప ధర సంగతి నీకు తెలుసు. ఒక ఏడు క్వింటా 20 వేలు పలికిన కాయ, 2025 ఫిబ్రవరికి కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సినంతగా పడిపోయింది. రైతుకు అది ఏడుపు. ఏడాది సరుకంతా ఎక్కువ ధరకు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకున్న మర యజమానికీ ఏడుపే. అందుకని మొదటి ఏడు రెండు మూడు నెలలకు సరిపడా కాయే కొను. ధర సగానికి పడితే ఎంత పోతుంది? మర నెలరోజులు ఆగితే కరెంటు, అద్దె, కూలి ఎంత? దుకాణాల బాకీలో పావు వంతు రాకపోతే? ఈ మూడూ కూడి, ఇంతకు మించి పోనివ్వనని ఒక అంకె రాసి గీత గీసుకో. ఇల్లు, పొలం, మీ అమ్మ మెడలోది ఆ గీత అవతలే ఉండాలి.

బ్యాంకు అప్పు గురించి అడిగావు. కేంద్ర ప్రభుత్వ పీఎంఈజీపీ పథకంలో పల్లెటూళ్లో యూనిట్ పెట్టే ఆడవాళ్లకు 35 శాతం రాయితీ ఉంది, సొంతంగా పెట్టుకోవాల్సింది 5 శాతం. వినడానికి బాగుంటుంది. అయితే ఆ రాయితీ మూడేళ్లపాటు నీ పేరున బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది, చేతికి రాదు. రాయితీ చూసి పెద్ద మర కొనకు. అమ్మగలిగిన పొడిని బట్టి మర కొను.

ఇదే ఆఖరి అవకాశమన్నట్టు రాశావు, అదీ తప్పే. కృష్ణకు ఆవలి ఒడ్డున తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన కల్లం అంజిరెడ్డిగారు ఐడీపీఎల్ మందుల సంస్థలో ఉద్యోగం వదిలి, 1976లో భాగస్వాములతో యూనిలాయిడ్స్ కంపెనీ పెట్టారు. 1980లో స్టాండర్డ్ ఆర్గానిక్స్. లోకం ఎరిగిన డాక్టర్ రెడ్డీస్ 1984లో, ఆయన మూడో ప్రయత్నం. మొదటి రెండు చోట్లా నేర్చుకున్న పనే మూడోదానికి పెట్టుబడి. ఈ మర నిలబడకపోయినా కాయ కొనడం, సరుకు అమ్మడం, మనుషుల్ని నడపడం నీకు వచ్చి ఉంటాయి. గీత దాటకుండా నష్టపోయినవాళ్లకు మళ్లీ మొదలుపెట్టే దారి ఉంటుంది.

మూడోదే అసలు భయం. నిన్ను నమ్మినవాళ్లకు అన్యాయం జరుగుతుందేమోనన్నది. తొడిమలు తీయడానికి వచ్చే ఆడవాళ్లలో సగం మంది నీకు వరసకు అత్తలు, పిన్నులు. వాళ్లకు పని చెప్పాలంటే నీకు నోరు పెగలదు. అరవనక్కర్లేదు. నువ్వూ పీట వేసుకుని వాళ్ల పక్కన ఒక పూట తొడిమలు తియ్యి. ఎంతసేపటికి ఎన్ని కిలోలవుతాయో, చేతులెంత మండుతాయో తెలుస్తుంది. తర్వాత నువ్వు చెప్పే మాటకు బరువు వస్తుంది, ఇచ్చే కూలికి న్యాయం వస్తుంది. వారం కూలి ఒక్కసారి ఆగినా ఆ ఇంట్లో పొయ్యి మీద తెలుస్తుంది. సరుకు కదలని నెల వస్తే దాచకు, పిలిచి చెప్పు. ముందు వాళ్లకిచ్చి, ఆఖర్న నువ్వు తీసుకో.

అలాగే తినేవాళ్లంటే భయముండాలి. కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలలాడాలి. వంచితే వంగిందంటే తేమ ఉన్నట్టే, వెనక్కి పంపు. తడికాయ పొడి పొట్లంలో ఉండ కడుతుంది, బూజు పడుతుంది. మర వేడెక్కేలా తోలితే రంగు పోతుంది. పోయిన రంగు కోసం ఏదో ఒకటి కలపమని ఎవరో ఒకరు నీకు సలహా చెబుతారు. 2005లో బ్రిటన్‌లో ఏం జరిగిందో గుర్తుపెట్టుకో. తిండిలో వాడకూడని సూడాన్ అనే రంగు కలిసిన కారం ఒక సాస్‌లోకి వెళ్లింది. ఆ సాస్ వాడిన వందల రకాల తిండి సరుకులను దుకాణాల్లోంచి వెనక్కి తీయాల్సొచ్చింది. ఒక్క చోట కలిపిన రంగు ఎంతమంది వ్యాపారాన్ని ముంచిందో చూడు.

నమ్మినవాళ్లంటే భయం ఉంటే పేరు నిలుస్తుంది. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923 నవంబరులో బందరులో ఆంధ్రా బ్యాంకు తెరిచినప్పుడు చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఆయన వైద్యుడు, జాతీయోద్యమంలో మనిషి. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసేదాకా 96 ఏళ్లపాటు ఆ పేరు చూసి జనం డబ్బు దాచుకున్నారు. పరాయి సొమ్మంటే భయం లేనివాళ్ల చేతిలో బ్యాంకు అన్నాళ్లు నిలవదు. కారం మరైనా అంతే.

సంక్రాంతి దాటితే కొత్త కాయ కల్లాల్లో పడుతుంది. ఆలోగా లెక్కల పుస్తకంతో ఊరికి రా, ఇద్దరం కూర్చుని ఆ అంకె ఏదో తేలుద్దాం. మొదటి పది కిలోల కారం నేనే కొంటాను. రొక్కమే, అరువు కాదు. పొడి ఉండ కట్టిందా, పెదనాన్ననని చూడను, వెనక్కి పంపేస్తాను.

ఇట్లు
మీ పెదనాన్న