స్వప్నమున ఎరుక

కల గనుచునే ఇది కలయని ఎరుగుట సాధ్యమే. 1975లో ఇంగ్లండునందలి హల్ విశ్వవిద్యాలయమున కీత్ హెర్న్ జరిపిన పరీక్షలో, నిద్రించుచున్న అలన్ వోర్స్‌లీ ముందుగా అనుకొనిన రీతిని కనుగ్రుడ్లు కదల్చి, కలలోనుండియే సంకేతమిచ్చెను.

ఈ విద్య కోరువానికి తొలి విఘ్నము తన తొందరయే. ‘నేడైనను వచ్చునా’ యని కాచుకొన్నవానికి కల మాట యటుండనిండు, కునుకే పట్టదు. ఎరుక కలిగిననాడును సంబరము పట్టలేక తటాలున మేల్కొనుట కద్దు.

పతంజలి అభ్యాసమునకు దీర్ఘకాలమును, ఎడతెగమిని, ఆదరమును చెప్పెను. మొదటి రెండింటిని ఎట్లో ఒప్పుకొందుము, ఆదరమే కష్టము. ప్రొద్దుట లేవగనే కలలు వ్రాసికొనుట ఈ సాధనలో మొదటి మెట్టు. కోరిన కల రాలేదని విసిగి, వచ్చిన కలను వ్రాయక విడిచెదము. ఆ విడిచిన కలలో గతించిన తల్లి మనకు అన్నము వడ్డించి యుండవచ్చును.