మోయబడుట సిగ్గు కాదు

ధ్యాన పాఠములు: యెషయా 46:1–4, సంఖ్యాకాండము 7:3–9



యెషయా గ్రంథము 46వ అధ్యాయములో ప్రవక్త రెండు మోతలను ప్రక్కప్రక్కన నిలిపి మనకు చూపించుచున్నాడు. మొదటిది బబులోను మోత. బేలు, నెబో అనునవి ఆ దేశపు గొప్ప దేవతల పేర్లు. బేలునే మర్దూకు అనియు పిలిచెడివారు. సంవత్సరాది పండుగలో ఆ ప్రతిమలను వైభవముగా ఊరేగించుట బబులోనీయుల ఆచారము. అయితే ప్రవక్తకు ఆ వైభవము కనబడలేదు. బరువు క్రింద క్రుంగుచున్న పశువు కనబడెను. ఆపద వచ్చినప్పుడు ఆ దేవతలు ప్రజలను తప్పింపలేవు సరిగదా, తామే మూటలై చెరలోనికి పోవును. క్రీ.పూ. 539లో పారసీక రాజైన కోరెషు సేనలు బబులోనును పట్టుకొనెను.

రెండవది యెహోవా మోత. ఆయన తన ప్రజలను తల్లి గర్భమునుండి ఎత్తుకొన్నవాడు. వారి తల నెరసిన తరువాతను ఎత్తుకొనువాడు. మనుష్యుడు మోయవలసిన దేవుడు ఒకడు, మనుష్యుని మోయు దేవుడు ఒకడు. ఈ రెంటి భేదము తెలిసికొనుటయే ఈ నెల మన ధ్యానము.

ఈ సంగతిని మన అనంతపురము నేలమీదనే చూచితిమి. గత వేసవిలో మా సంఘస్థుడైన ఒక మెకానిక్కు గుంతకల్లు ప్రక్క పల్లెలో ఒక పాత జీపు పికప్పును కొనెను. ముందు జీపు, వెనుక సామాను వేయు తొట్టి గల బండి అది. మన దేశములో విల్లీస్ జీపులను కూర్చుట 1947లో బొంబాయిలో మహీంద్రా వారు ఆరంభించిరి; మన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినదియు ఆ సంవత్సరమే. రోడ్డు లేని మన పల్లెలలో అటువంటి బండ్లు వేరుసెనగ మూటలు మోసినవి, పెండ్లివారిని మోసినవి, పురుటి నొప్పులతోనున్న తల్లులను ఆసుపత్రికి మోసినవి. ఈ జీపు మాత్రము ఏండ్ల తరబడి వేపచెట్టు క్రింద నిలిచిపోయి, ఇంజను బిగిసి, సీటుమీద కోడి పొదుగుటకే పనికివచ్చుచుండెను.

నడువదు గనుక దానిని మోసి తేవలసివచ్చెను. ఒక ట్రాక్టరును, దాని ట్రైలరును దినబాడుగకు మాట్లాడి, సంఘ యౌవనస్థులతోకూడ మేమును వెళ్లితిమి. బిగిసిన బ్రేకులను సడలించి, కుళ్లిన టైర్లకు బదులుగా అడిగి తెచ్చిన చక్రములను తగిలించిరి. ట్రైలరును ఒక మట్టి గట్టునకు ఆనించి, గట్టుమీదినుండి పదిమంది జీపును మెల్లగా దానిలోనికి తోసిరి.

అటుతరువాత అసలు పని. బరువు ఎక్కడ నిలువవలెను? ఎద్దులబండి తోలినవారికి ఇది తెలియును. మోపు వెనుకకు తూగిన యెడల నొగ పైకి లేచి, కాడి ఎద్దుల గొంతు పట్టును; మరీ ముందుకు పడిన యెడల వాటి మెడలు అణగిపోవును. ట్రైలరుకును ఇదే న్యాయము. వెనుక బరువైన ట్రైలరు వేగము హెచ్చినకొలది పాము నడకగా ఊగి, లాగు బండినే త్రోవ తప్పించును. అందుచేత జీపును ఇరుసునకు కొంచెము ముందుగా నిలిపి, చక్రముల క్రింద రాళ్లు పెట్టి, నాలుగు మూలల గొలుసులతో కట్టిరి. కొంతదూరము పోయిన తరువాత డ్రైవరు ఆపి, ప్రతి కట్టును మరల బిగించెను. త్రోవ కుదుపులకు జీపు స్ప్రింగులు అణగును, అప్పుడు గట్టి కట్టును వదులగును.

గుత్తి దాటి పామిడి వైపు పోవుచుండగా, ఎదుటినుండి పొడవాటి లారీలమీద క్రొత్త కార్లు వచ్చుట చూచితిమి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుండి కియా కార్లు తయారగుచున్నవి గదా. అవి ఇంకను ఎవరిని మోయలేదు; అయినను మోయబడుచున్నవి. మా వెనుకనున్న ముసలి జీపు మోయవలసినదంతయు మోసినది, అదియు మోయబడుచున్నది. ఆదిలో మోత, అంతములో మోత. తన చక్రములమీద తాను పరుగెత్తునది నడిమి కాలము మాత్రమే. ఆ నడిమి కాలమే జీవితమంతయు అని మనము భ్రమపడుచున్నాము. యెషయా చెప్పిన గర్భమును, నెరసిన తలయు మనము మరచిన ఆ రెండు కొనలే.

మా సంఘములో ఒక వృద్ధుడున్నాడు. తన దినములలో జీపు తోలి ఎందరినో రాత్రివేళ ఆసుపత్రికి చేర్చినవాడు. ఇప్పుడు కాళ్లు పడిపోయినవి. కుమారులు బెంగుళూరులో కట్టడపు పనులలోనున్నారు. కుర్చీలో కూర్చుండబెట్టి గుడికి తీసికొనిపోవుదుమని యౌవనస్థులు ఎన్నిమార్లు అడిగినను ఆయన ఒప్పుకొనలేదు. “మోసినోడినే గానీ, మోయించుకున్నోడిని కాదు అయ్యగారూ” అని మాతో చెప్పెను. ఆ మాటలో ఉన్నది గర్వము మాత్రమే కాదు. పనికిరానివాడనైతినను దుఃఖము అందులోనున్నది. మన పల్లెలలో ఎన్ని అరుగులమీద ఈ దుఃఖము కూర్చుండియున్నదో ప్రభువునకు తెలియును.

ట్రైలరు ఆయన యింటి ముందర ఆగెను. ఆయన మంచముమీదనుండి జీపును చాలసేపు చూచి, “చట్రం బాగుందా?” అని మాత్రము అడిగెను. బాగున్నదని మెకానిక్కు చెప్పెను. మరి మాటలు జరుగలేదు. రెండు వారముల తరువాత ఆదివారమున నలుగురు యౌవనస్థులు కుర్చీ తీసికొనిపోగా, ఆయన ముఖము ప్రక్కకు త్రిప్పుకొని అందులో కూర్చుండెను. త్రోవలో ఆయన నోరు తెరచినది ఒక్కసారే: “ఒరే, బరువు ఎనక్కి తూగుతాండాది, ముందరికి పట్టుకోండప్పా.”

ప్రియులారా, మార్కు సువార్త రెండవ అధ్యాయములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొని వచ్చిరి. ఆ రోగి విశ్వాసమునుగూర్చి మనము ప్రసంగములు వినుట అరుదు. అయితే మోయబడుటకు ఒప్పుకొనుటయు ఒక విశ్వాసమే గదా!

ఇప్పుడు మోయవలసినవారితో ఒక మాట. సంఖ్యాకాండము 7వ అధ్యాయములో ప్రధానులు ఆరు బండ్లను, పండ్రెండు ఎద్దులను తెచ్చిరి. మోషే గెర్షోనీయులకు రెండు బండ్లను, మెరారీయులకు నాలుగు బండ్లను ఇచ్చెను. తెరలు, పలకలు, స్తంభములు బండ్లమీద పోవచ్చును. కహాతీయులకు మాత్రము ఒక్క బండియు ఇయ్యలేదు. ఏలయనగా పరిశుద్ధమైన వస్తువులను వారు భుజములమీదనే మోయవలెను.

మన జిల్లాకు సంవత్సరమునకు సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించును; తూర్పు సముద్రము దూరము. వేరుసెనగ ఎండినప్పుడు బిడ్డలు బెంగుళూరు బస్సు ఎక్కుదురు. వారిని మేము నిందింపము. వారు నెలనెల ఫోనులో పంపు డబ్బు మంచి బండియే. బియ్యమును, మందులను అది మోయును. అయితే తల్లిదండ్రులు కహాతీయుల భాగము. వారి ఒంటరితనమును ఏ బండియు మోయదు. పండుగకు వచ్చినప్పుడు వారిని గుడికి ఎత్తుకొని రండి. దూరమున నున్న బిడ్డల స్థానములో ఊరిలోనున్న యౌవనస్థులు నలుగురు చొప్పున పూనుకొనుడి. ఒక్కసారి మోసి విడువక, త్రోవలో ఆగి కట్లు చూచిన ఆ డ్రైవరువలె, మరల మరల వెళ్లి చూడుడి. ప్రేమయు కుదుపులకు వదులగును.

వృద్ధులారా, మీతోను ఒక మాట. ఆ జీపు నేటికిని నడువలేదు. ఇంజను విప్పిన భాగములు షెడ్డులో పరచియున్నవి. అయినను కొన్నవాడు అది నడిచిన తరువాత దానిని ఇంటికి తెచ్చుకొనలేదు, నడువలేనప్పుడే తెచ్చుకొనెను. మనము బలహీనులమై, ఇంకను పాపులమై యుండగానే క్రీస్తు మనకొరకు చనిపోయెనని రోమీయులకు వ్రాసిన అపొస్తలుడు బోధించినది ఈ కృపనే.

మన ప్రభువు సహితము మోయబడినవాడే. పసికందైనప్పుడు సుమెయోను చేతులు ఆయనను ఎత్తుకొనెను. సిలువనుండి దింపబడినప్పుడు అరిమతయియ యోసేపును, నీకొదేమును ఆయన దేహమును మోసిరి. ఆ రెంటి నడుమ ఆయన లోకపాపమును మోసెను. సమస్తమును మోయువాడు తానే మోయబడుటకు సిగ్గుపడనప్పుడు, మనము ఏల సిగ్గుపడవలెను?

మోయుటకు భుజమును, మోయబడుటకు దీనమనస్సును ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.