అదుపు ఎవరిది?

సూర్యాపేట, కోదాడల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మా జిల్లా పేజీకి తరచూ ఒక మాటను సరఫరా చేస్తుంటుంది: "అదుపు తప్పి". లారీ అదుపు తప్పింది, కారు అదుపు తప్పింది. అదే పేజీలో పోలీసులు ఎవరినో "అదుపులోకి" తీసుకుంటారు. ఇంట్లో ఆ మాట ఆడపిల్ల మీద వాలుతుంది: అదుపాజ్ఞల్లో పెరిగిన పిల్ల, అదుపు తప్పిన పిల్ల. యంత్రం నిలకడకీ, ఖైదుకీ, కూతురి నడవడికీ ఒకే మాట ఎలా కుదిరిందో భాషావేత్తలు చెప్పాలి. అలా కుదరడం ఎవరికి లాభమో మనమే చెప్పొచ్చు.

విమానం నడపడం నేర్చుకునేవాళ్లకి ఈ మాట ఇంకోలా అర్థమవుతుంది. మిర్యాలగూడకి దగ్గర్లోని నాగార్జునసాగర్‌లో అమ్మాయిలు కూడా శిక్షణ పొందిన సెస్నా 152నే తీసుకుందాం. రెండు సీట్లు, ముక్కు మీద ఒకటే ప్రొపెల్లర్. రన్‌వే మీద పూర్తి పవర్ ఇవ్వగానే అది ఎడమకి లాగుతుంది. ప్రొపెల్లర్ వెనక్కి నెట్టిన గాలి మెలి తిరుగుతూ వచ్చి నిలువు తోకను ఎడమ పక్క నుంచి కొడుతుంది. ఇంజను తిప్పుడుకి ఎదురు పుట్టే బలం ఎడమ చక్రాన్ని నేలకి అదుముతుంది. పక్కగాలి వీస్తే ముక్కు ఆ గాలి వచ్చే వైపుకే తిరగజూస్తుంది. అంటే నడిపే మనిషి ఏ తప్పూ చెయ్యకముందే విమానం పక్కకి పోవడానికి సిద్ధంగా ఉంటుంది. కుడికాలితో రడ్డర్ పెడల్ నొక్కి పడితేనే తిన్నగా పోతుంది. కొత్తవాళ్లు కారు అలవాటుకొద్దీ చేతిలోని చక్రం తిప్పుతారు. నేల మీద దానితో దిశ మారదు. కంగారుపడి పెడల్ ఎక్కువ నొక్కితే కుడికి, మళ్లీ ఎడమకి. బయట నించుని చూసేవాళ్లకి గీత గీసినట్టు కనిపించే పరుగులో లోపల పాదాలు ఒక్క క్షణం ఊరుకోవు.

1937 మార్చి 20న హొనొలులులో అమీలియా ఇయర్‌హార్ట్ విమానం ఇలాగే పరుగులో అదుపు తప్పి గిర్రున తిరిగింది, చక్రాల కాళ్లు విరిగాయి. అది రెండింజన్ల ఎలక్ట్రా, నిండా ఇంధనంతో బరువెక్కి ఉంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. టైరు పేలిందా, ఆమె థ్రాటిళ్లను సర్దిన తీరు వల్లనా అన్న వాదన ఇంకా తెగలేదు. దాన్ని బాగు చేయించుకుని ఆమె మళ్లీ బయలుదేరింది. జులైలో పసిఫిక్ మీద కనిపించకుండా పోయింది.

విమాన ప్రమాదాల దర్యాప్తుకి అంతర్జాతీయ ఒప్పందంలో 13వ అనుబంధం ఒక నియమం పెట్టింది: దర్యాప్తు మళ్లీ జరక్కుండా చూడటానికే, నింద మోపడానికి కాదు. 2022 ఫిబ్రవరి 26న సాగర్ నుంచి లేచిన సెస్నా 152 ఒకటి పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో కూలింది. ఒంటరిగా నడుపుతున్న శిక్షణార్థిని చనిపోయింది. అది గాలిలో ఉండగా జరిగింది, పరుగులో కాదు. ఆ వార్త విని మా పెద్దమ్మ అన్న మాట: "ఆడపిల్లను ఒక్కదాన్నే పైకెందుకు పంపిన్రు?" అబ్బాయయితే విమానానికేమైందని అడిగేది. ఆ పిల్ల మీద జాలితోనే అంది, అందుకే ఆ మాట నన్ను వదల్లేదు.

నింద వద్దంటే బాధ్యత ఎగ్గొట్టడం కాదా అని ఒక సెమినార్లో విద్యార్థిని నన్ను అడిగింది. మంచి ప్రశ్న. మిర్యాలగూడలో 2018 సెప్టెంబరు 14న, కులం దాటి పెళ్లి చేసుకున్న దళిత యువకుణ్ని గర్భిణి అయిన భార్య కళ్లముందే నరికించారు. చంపించింది ఆమె తండ్రి. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఇక్కడ బాధ్యుల్ని పేరు పెట్టి అడగాల్సిందే. కానీ ఆ రోజుల్లో తండ్రి కడుపుకోతను అర్థం చేసుకోవాలన్నవాళ్లు తక్కువేం లేరు. హత్యకి కారణాలు వెతికిపెడతాం, ఒక పిల్ల తన దారి తాను చూసుకుంటే నేరం మోపుతాం. దర్యాప్తూ తీర్పూ మన దగ్గర తారుమారయ్యాయి. "అదుపు" అన్న ఒక్క మాట ఈ తారుమారుకి బాగా పనికొస్తోంది. నడిపే మనిషికి కావలసింది తన పాదాల కింది అదుపు. ఇంట్లో అడిగేది ఆ పెడల్స్ మీద ఇంకొకరి పాదాలు.

శిక్షణలో ఇంకో అలవాటుంది. పరుగు మొదలుపెట్టకముందే, ఏ పరిస్థితిలో ఆగాలో పైకి చెప్పుకుంటారు: దిశ నిలవకపోతే థ్రాటిల్ మూసెయ్, రన్‌వే మీదే ఉండు, బ్రేకు వెయ్యి. అలా ఆగిపోయిన టేకాఫ్‌కి ఎవరూ సిగ్గుపడరు. వెనక్కి తిప్పుకొచ్చి, కారణం చూసుకుని, మళ్లీ వెళ్తారు. కోదాడ నుంచి హైదరాబాదు హాస్టలుకి వెళ్లే అమ్మాయికీ, పెళ్లయి వెళ్లే అమ్మాయికీ సామాను సర్దుతూ చెప్పే జాగ్రత్తలు నేను చాలా విన్నాను. ఇది వినలేదు.