సావిత్రి దాచిన మాట



అశ్వపతి మహారాజు తన కుమార్తె వరించిన సత్యవంతుని గుణములను గూర్చి అడుగగా నారద మహర్షి అతని తేజస్సును, ఓర్పును, దానశీలమును, సత్యవాక్యమును కొనియాడెను. దోషమేమైనను కలదా యని రాజు మరల అడిగెను. ఒక్కటే కలదు, నేటికి సరిగా ఒక సంవత్సరమునకు అతడు మరణించును అని మహర్షి చెప్పెను. మహాభారతములోని అరణ్యపర్వమందలి ఈ కథను నేను చిన్నతనమున మా ఊరి దేవాలయములో, తెలుగు అక్షరములు దిద్దుకొను దినములలో వింటిని. అప్పుడు గమనింపని ఒక సంగతి ఇప్పుడు గమనించుచున్నాను. ఆ మరణమునకు నారదుడు ఏ పాపమును కారణముగా చూపలేదు. సత్యవంతుడు ఏమి తప్పు చేసెనని రాజు అడుగనూ లేదు.

గత శీతకాలములో నేను న్యూజెర్సీ రాష్ట్రమందలి పిస్కాటవేకు వెళ్ళితిని. నా పినతల్లి కుమార్తెయు, ఆమె భర్తయు ఇరువది యేండ్లకు పైగా అచ్చట కాపురమున్నారు. ఇద్దరును మనవారే, మారిషసు చెరకుతోటలకు వచ్చిన కూలీల మునిమనుమలే. మరదికి కొన్ని వారములుగా ఆయాసము, చిగుళ్ళనుండి రక్తము, దెబ్బ తగులకయే చేతులపై కమిలిన మచ్చలు. తుంటి యెముకనుండి మజ్జను తీసి పరీక్షించగా అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా యని తేలినది. రక్తకణములు పుట్టు ఎముకమజ్జలోనే పక్వము కాని తెల్లకణములు అదుపు లేక పెరిగి, మంచి కణములకు చోటు లేకుండ చేయు రక్తక్యాన్సరు అది.

చెల్లెలు ఈ సంగతిని ఎవ్వరికిని చెప్పలేదు. పొరుగువారికి రక్తహీనత యనెను. దేవాలయములో అడిగినవారికి ఆఫీసులో పని యెక్కువ యనెను. దూరపు కళాశాలలో చదువుచున్న కుమార్తెకు చెప్పలేదు. మారిషసులో నున్న అత్తగారికిని, మరది తోబుట్టువులు ముగ్గురికిని చెప్పలేదు. ఇట్లు ఆరు వారములు గడచెను. నేను ఆ యింట దిగిన మరునాడు వంటగదిలో మందుల సీసాలు చూచి అడిగినందుననే నాకు తెలిసినది.

"ఎందుకు దాచితివమ్మా?" అంటిని.

"జాలిగా చూతురక్కా. ఏ జన్మలో ఏమి పాపము చేసిరో అందురు" అని కన్నులు తుడుచుకొనెను.

ఆమెను తప్పు పట్టుటకు నాకు నోరు రాలేదు. మన యిండ్లలో ఈ దాచుట నిన్న మొన్న పుట్టినది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున మారిషసు తోటలలో కూలివాడు ఒక దినము పనికి రానిచో రెండు దినముల కూలి కోసివేయుచుండిరి. డబుల్ కట్ అను ఆ పద్ధతి పేరు మన పెద్దల నోట విననివారు అరుదు. జ్వరమున్నను లేదని చెప్పి కత్తి పట్టుకొని చెరకులోనికి నడచిన వారి సంతానము మనము. ఆ కోత ఎప్పుడో పోయినది. నోరు మూసికొను అలవాటు మాత్రము మిగిలినది.

సావిత్రియు దాచినది గదా యని మీరు అడుగవచ్చును. నిజమే. అత్తవారింట ఒక సంవత్సరము ఆ మాటను కడుపులో పెట్టుకొని దినములు లెక్కించినది. నాలుగు దినములు మిగిలినప్పుడు మూడు రాత్రుల వ్రతము పట్టినది. ఆ వ్రతమెందుకో భర్తకు తెలియదు. కాని ఆ చివరి దినమున ఆమె ఏమి చేసెను? ఉపవాసముతో నీరసించియున్నను, నేనును అడవికి వత్తునని అత్తమామల సెలవు పొంది భర్త వెంట నడచెను. యముడు వచ్చినప్పుడును నడచుట మానలేదు. ఏడడుగులు కలిసి నడచినవారు మిత్రులగుదురని పెద్దలు చెప్పుదురు గనుక ఆ మైత్రితో మాటాడుచున్నానని ఆమె యమునితోనే పలికెను! మొదటి వరమున భర్త ప్రాణమును అడుగలేదు. మామగారి కన్నులు అడిగెను. ఆ రాత్రి ఆశ్రమమునకు తిరిగివచ్చిన పిదప, ఋషులు అడుగగా అందరి యెదుట జరిగినదంతయు చెప్పివేసెను. మన కథకులు యముని ఘట్టముతోనే హారతి యిత్తురు. ఈ చివరి భాగమును ఎవరును చెప్పరు.

ఇంకొక భేదము కలదు. సావిత్రి ముందుగా చెప్పియున్నను వైద్యము చేయువారు ఆనాడు లేరు. నేడు చెప్పినచో ఉన్నారు.

న్యూ బ్రన్స్‌విక్‌లోని ఆసుపత్రికి మరది వెంట నేనును వెళ్ళుచుంటిని. ఒకనాడు మెథోట్రెక్సేటు అను మందును వెన్నెముకలోని ద్రవములోనికి ఎక్కించి, కొంతసేపు వెల్లకిల పరుండుమనిరి. ఊరక పరుండలేక, "వదినగారూ, ఏదైన చెప్పుడు" అనెను. ఆ మందు కథనే చెప్పితిని. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్‌లో లెడర్లే పరిశోధనశాలకు నాయకత్వము వహించిరి. కణములు విభజన చెందుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దానిని పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థములను ఆ సంస్థవారు తయారుచేసిరి. వానిలో ఒకటియగు అమినోప్టెరినును బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు లుకేమియాగల పిల్లల కిచ్చి చూచెను. 1948లో ప్రకటించిన ఆ నివేదికలో 16 మందిలో 10 మందికి గుణము కనిపించినది. అది తాత్కాలికమే. అయినను అంతకుముందు అంతమాత్రమును లేదు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేటు. ఆ అమినోప్టెరినును రసాయనశాస్త్రజ్ఞులు కూర్చిన చోటు ఏదో తెలియునా యని మరదిని అడిగితిని. అది పిస్కాటవేకు కొద్ది మైళ్ళ దూరముననున్న బౌండ్ బ్రూక్, రారిటన్ నది యొడ్డున. మరది ఆశ్చర్యపడి లేవబోగా నర్సు కోపించినది.

అదే కర్మాగారపు నేలలో బెంజీను మొదలగు విషములు నిలిచిపోయి 1983లో అది ప్రభుత్వము శుద్ధిచేయవలసిన స్థలముల పట్టికలో చేరినది. బెంజీను లుకేమియాను కలిగింపగలదు. క్షీరసాగరమున హాలాహలమును, అమృతమును పుట్టినట్లే ఇచ్చటను.

సుబ్బారావుగారు భార్య శేషగిరిగారిని స్వదేశమున విడిచి వచ్చి, మరల వెళ్ళకయే 1948లో కన్ను మూసిరి. వారి కుమారుడు పసితనముననే మరణించెను. ఈ సంగతి విని మరది చాలసేపు మాటాడలేదు. తరువాత, "ఇంటికి ఫోను చేయుదము, వదినగారూ" అనెను.

ఆ రాత్రి దంపతులిద్దరును ఒకే ఫోను దగ్గర కూర్చుండి చెప్పిరి. కుమార్తె ముందు కోపించినది, తరువాత ఏడ్చినది. అత్తగారు మాత్రము, "నాకు ముందే అనుమానముగా నుండెను" అనెను. వైద్యుడు తోబుట్టువులను గూర్చి మొదటినుండియు అడుగుచునే యుండెనని అప్పుడు బయటపడినది. ఈ వ్యాధిలో మందులు చాలనప్పుడు మరియొకరి మజ్జనుండి మూలకణములను తెచ్చి నాటవలెను. కణజాలము సరిపోవుటకు ఒక్కొక్క తోబుట్టువునందు నాలుగింట ఒక వంతు అవకాశము. కన్నబిడ్డలది సాధారణముగా సగమే సరిపోవును. అన్నగారిది సరిపోలేదు. చెల్లెలిదియు సరిపోలేదు. తమ్మునిది సరిపోయినది. ఆరు వారములు ఎవరి పేరును చెప్పక దాచియుంచితిమో ఆ తమ్ముడే.

అందరికిని అట్టి తమ్ముడు ఉండడు. లేనివారు దాతల పట్టికలలో వెదకవలెను. సరిపోవువారు చాలవరకు ఒకే వంశమూలము గలవారిలోనే దొరకుదురు. ఆ పట్టికలలో మనవంటివారు తక్కువ. 2007లో కాలిఫోర్నియాలో లుకేమియా సోకిన ఇద్దరు భారతీయ యువకులకొరకు మిత్రులు తిరిగి, పదకొండు వారములలో 24,000 మందికి పైగా దక్షిణాసియావారిని చేర్పించిరి. ఇద్దరికిని దాతలు దొరకిరి. ఇద్దరును 2008లో మరణించిరి. దీనిని మీకు దాచను. చేరినవారి పేర్లు మాత్రము మరియొకరికొరకు పట్టికలో నిలిచినవి.

తమ్ముని మూలకణములు ఒక చిన్న సంచిలో వచ్చినవి, రక్తము ఎక్కించినట్లే ఎక్కించిరి. చెల్లెలు గుమ్మము దగ్గర ముఖమునకు ముసుగు కట్టుకొని నిలుచుండి రామనామము జపించుకొనెను. మరది రక్తపు గ్రూపు నెమ్మదిగా తమ్ముని గ్రూపుగా మారునని వైద్యుడు చెప్పెను. నేను ఇది వ్రాయునాటికి అరువదియొకటవ దినము. జ్వరము ఒకసారి వచ్చి తగ్గినది. నూరవ దినమున మరల మజ్జను పరీక్షింతురు.

మేనకోడలు కళాశాలలో ఒక బల్ల వేసికొని, దూది పుల్లతో బుగ్గ లోపల తుడిచి యిచ్చుటకు తోటివారిని పిలుచుచున్నది. నిర్ణీత వయస్సు లోపలివారే అమెరికా పట్టికలో చేరవచ్చును. ఫోనులో నన్నును అడిగినది. నా వయస్సు దాటిపోయినదని చెప్పితిని.

"అయితే పెద్దమ్మా, మీ పాత విద్యార్థులలో ఇచ్చటికి వచ్చినవారి పేర్లు చెప్పుడు" అనెను.

జాబితా వ్రాయుచున్నాను.