త్రోవ అడుగువాడు, త్రోవ చెప్పువాడు

విశ్వాసముగలవాడు తెలియని పట్టణమునకు పోవునప్పుడు అచ్చటి వారిని దారి అడుగవలెనా? ప్రశ్న చిన్నదిగా కనబడును. అయితే దేవుడు నడిపించుచుండగా మనుష్యుల సలహాలెందుకని కొందరును, అడిగినయెడల తెలివితక్కువవారమని అనుకొందురేమోయని మరికొందరును నోరు మెదపక బయలుదేరుదురు. మొదటివారు దానిని భక్తి అందురు. రెండవవారు పరువు అందురు. దారి తప్పుటలో మాత్రము ఇరువురికిని భేదములేదు.

గుజరాతు రాష్ట్రములో సూరత్తు నగరమునకు సమీపమున, తపతీ నది చెంత, కామ్‌రేజ్ అను ఊరు కలదు. ముంబయి నుండి అహమ్మదాబాదునకు పోవు జాతీయ రహదారి ఆ ఊరి మీదుగా సాగును. దూరప్రాంతపు బస్సులలో అనేకము నగరములోనికి పోక, సూరత్తు ప్రయాణికులను కామ్‌రేజ్ కూడలిలోనే దించి ముందుకు సాగిపోవును. కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి మగ్గముల పని వెదకుకొనుచు పోయిన తెలుగు కుటుంబములు సూరత్తులో ఎన్నో కలవు. వారిని చూడబోవు బంధువు విజయవాడ, వరంగల్లుల మీదుగా పోవు నవజీవన్ ఎక్స్‌ప్రెస్సు ఎక్కినయెడల నగరపు స్టేషనులోనే దిగును. ముంబయి నుండి బస్సులో వచ్చినయెడల తెల్లవారకముందే ఈ కూడలిలో దిగవలసి రావచ్చును. సూరత్తునకు టిక్కెట్టు కొనినవానికి సూరత్తు కనబడదు! నగరపు స్టేషను ఇంకను 15 కిలోమీటర్లకు పైగా దూరముననున్నదనియు, వరాఛా మార్గమున పోవు సిటీ బస్సుగాని ఆటోగాని ఎక్కవలెననియు, అక్కడ కాపురముండువారు ముందుగా ఒక్క మాట చెప్పియుండినచో ఆ కలవరము తప్పిపోవును.

ఈ తీరమునకు ఇది క్రొత్త పాఠము కాదు. క్రీస్తు శకము 1వ శతాబ్దమున గ్రీకు భాషలో వ్రాయబడిన 'ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్' అను వర్తక గ్రంథములో, ఇచ్చటి సింధుశాఖయొద్ద కమ్మోని అను గ్రామము పేర్కొనబడినది. దానిని కామ్‌రేజ్‌గా గుర్తించిన పరిశోధకులు కలరు. కమ్మోనికి ఎదురుగా సముద్రములో రాతిమిట్ట యొకటి ఉండెననియు, బరుగజ రేవునకు, అనగా నేటి భరూచ్‌నకు, పోవు నదీముఖమును కనుగొనుట కష్టమనియు ఆ గ్రంథకర్త వ్రాసెను. తీరము పల్లముగా నుండుటచే దూరమునకు కనబడదు. కనబడినను ఇసుకమేటలు ఓడను పట్టుకొనును. అందుచేత రాజు కొలువులోనున్న స్థానిక జాలరులు పెద్ద పడవలలో సౌరాష్ట్ర తీరమువరకు ఎదురువెళ్లి, సముద్రపు పోటు సమయము కనిపెట్టి, ఓడలను రేవునకు నడిపించి తెచ్చుచుండిరి. ఐగుప్తు నుండి మహాసముద్రము దాటివచ్చిన ఓడ నాయకులు తెలివిలేనివారు కారు. అయినను సముద్రమును దాటు నేర్పు వేరు, ఒక నదీముఖపు లోతుపాతులను ఎరిగియుండుట వేరు. ఆ భేదమును ఒప్పుకొనిన ఓడ రేవు చేరెను.

దేవుని నడిపింపునుగూర్చిన సందేహమునకు సంఖ్యాకాండము పదియవ అధ్యాయమే సమాధానము. ఇశ్రాయేలీయులు సీనాయి అరణ్యమును విడిచి బయలుదేరునప్పుడు దేవుని మేఘము వారికి ముందుగా నడుచుచుండెను. అట్టి నడిపింపు కలిగియున్న మోషే, మిద్యానీయుడైన హోబాబును తమతో రమ్మని బతిమాలెను. అరణ్యములో ఎక్కడ దిగవలెనో అతడు ఎరిగినవాడు గనుక తమకు కన్నులవలె ఉండవలెనని కోరెను. మేఘము ఉండగా కన్నులెందుకని మోషే తలంపలేదు. మేఘము ఆగిన చోట నీళ్లెక్కడో, పశువులకు మేత ఎక్కడో, ఆ నేలపై తిరిగినవానికి తెలియును. అట్టివానిని త్రోవలో నిలువబెట్టినవాడును దేవుడే. ఇంతియే కాదు. మోషే హోబాబు తెలివిని మాత్రమే కోరి అతనిని విడిచిపెట్టలేదు. ప్రభువు తమకు చేయబోవు మేలులో అతనికి పాలు ఇత్తుమని మాట ఇచ్చెను. అడుగువాడు చెప్పువానిని దారి ప్రక్కనున్న మైలురాయివలె చూడరాదు. నోరు మంచిదైన ఊరు మంచిదగునని మన పెద్దలు చెప్పిన మాట ఇచ్చట తగియున్నది.

అడుగువాని సంగతి ఇట్లుండగా, చెప్పువాని బాధ్యత మరింత గొప్పది. భరూచ్ జాలరి తాను చూపిన దారిన తానును ముందు నడిచెను. ఓడ మేటకు తగిలినయెడల ఆ అపాయములో అతడును ఉండెను. కూడలిలో నిలిచి చేయి చాపి దారి చూపువాడు అట్లు వెంట రాడు. తప్పు చెప్పినయెడల నష్టము వినినవానిదే. అయినను మన దేశములో ఒక అలవాటు కలదు. దారి అడిగినవానిని ఉత్తచేతులతో పంపుట మర్యాద కాదని, తెలియకపోయినను ఏదో ఒక దిక్కు చూపుదుము. అది దయవలె కనబడును గాని, దిక్కులేనివానికి అబద్ధ సాక్ష్యము పలుకుటయే. "నాకు తెలియదు, ఆ దుకాణములో అడుగుడి" అనువాడు అంతకంటె నిజమైన ఉపకారి.

మరియొక కీడు కలదు. అది పాత మాటను నేటి మాటగా చెప్పుట. 1994 సెప్టెంబరులో సూరత్తులో ప్లేగు వ్యాధి బయలుపడినప్పుడు లక్షలాది జనులు భయపడి నగరమును విడిచిపోయిరి. అప్పుడు అక్కడికి పోవద్దని చెప్పినవాడు తప్పు చెప్పలేదు. 1995లో పురపాలక కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు నాయకత్వమున నగరపు పారిశుద్ధ్యము రూపు మారెను. 2023 స్వచ్ఛ సర్వేక్షణలో సూరత్తు, ఇండోరుతోకూడ ప్రథమ స్థానము పొందెను. వెనుకటి భయమునే నేటికిని వల్లించుచు ఆ నగరమును మురికికూపమని చెప్పువాడు, ఒకప్పుడు నిజమైన మాటతో ఇప్పుడు అబద్ధమాడుచున్నాడు. ఒక పేటను, ఒక కులమును, ఒక మతమువారిని చూపి "అటు పోకుడి, వారు మంచివారు కారు" అని ప్రయాణికుని చెవిలో ఊదుట ఇంకను భారమైన పాపము. కనాను దేశమును వేగుచూచిన పదిమంది ప్రాకారములను ఉన్నవి ఉన్నట్లే చూచిరి. తమ భయమును ఆ దేశముమీద మోపి చెప్పుటవలన ఒక తరమంతయు అరణ్యములో రాలిపోయెను.

కాబట్టి అడుగువాడు ఒక్కని మాటతో తృప్తిపడక, ఆ ఊరిలో కాపురముండు ఇద్దరు ముగ్గురిని విచారించుట యుక్తము. ఆటో అద్దె ఎంతయని ఆటోవానినేకాక, తన మాటవలన ఏ లాభమును పొందనివానిని కూడ అడుగవలెను. ఎక్కడ దిగవలెను, రాత్రివేళ చేరినయెడల ఎక్కడ నిలువవలెను, ఇంటివారికి కబురు ఎట్లు పంపవలెనను మూడు ప్రశ్నలు, చూడదగిన స్థలముల జాబితాకంటె ముందు అడుగవలసినవి.

చెప్పువాడు మాత్రము తన ఎదుట నిలిచిన పరదేశిని తన కుమారునిగా తలంచుకొనవలెను. తన కుమారుడు భాష తెలియని ఊరిలో, చీకటివేళ, చేతిలో మూటతో కూడలిలో దిగినయెడల అచ్చటివారు అతనికి ఎట్టి మాట చెప్పవలెనని కోరుకొనునో, ఆ మాటనే తానును చెప్పవలెను. తెలిసినది తెలిసినంతవరకే చెప్పి, వీలైనయెడల నాలుగడుగులు వెంట నడిచి బస్సు ఎక్కించి రావలెను.